గ్లవ్వుకు గడ్డం

కాలు విరిగి నేను పడుకున్న వార్డులో ఒక నర్సు ఉండేది. మనిషి చురుకే, నోరు మాత్రం మహా పొదుపు. "చెయ్యి చాపండి", "మింగండి", "అయిపోయింది" అన్న మాటలతోనే ఇన్నేళ్ళ ఉద్యోగం నెట్టుకొచ్చింది. ఇంట్లోనూ అంతేనని, క్యారియర్ ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా వాళ్ళాయన మాతో మొరపెట్టుకునేవాడు.

నా పక్క మంచం సెలూన్ తాతది. హెర్నియా. పేగు బిగుసుకుంటే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు. ఆపరేషన్‌కి ముందు పొట్టంతా నున్నగా గీయాలి. నర్సు రేజరుతో కనబడిందంటే చాలు, తాత దుప్పటి మెడదాకా లాక్కునేవాడు. దాంతో ఆపరేషన్ ఒకసారి వాయిదా కూడా పడింది.

"నా ఒంటి మీద ఇంకొకరి కత్తా? అమ్మాయ్, నా దగ్గర పని నేర్చుకునేవాడెవడైనా ముందు నురగ పూసిన బుడగకి గడ్డం గీయాలి. అది పగలకపోతేనే మనిషిని ముట్టుకోనిస్తా."

ఇంకొకరైతే పెద్ద డాక్టరుకు చెప్పేవారు. ఈవిడ జేబులోంచి రబ్బరు గ్లవ్వు తీసి, ఊది, ముడేసి, సబ్బు నురగ పూసింది.

"ఇదేం మొహమే, ఆవు పొదుగులా ఉంది!" అన్నాడు తాత. "సరే, కానీ."

ఠాప్!

మూల మంచంలో గుండె జబ్బాయన అదిరిపడి లేచాడు. "పోయింది నేనే అనుకున్నా," అన్నాడు.

ఆ రోజంతా ఖాళీ దొరికినప్పుడల్లా గ్లవ్వులు పగులుతూనే ఉన్నాయి. డాక్టరు వచ్చి, ముక్కు మీద పడ్డ నురగ తుడుచుకుని, "రేపు పొద్దున ఆపరేషన్. ఇంకా ఆలస్యమైతే నా పూచీ లేదు," అని వెళ్ళిపోయాడు.

నేను తిరగని ఊరంటూ లేదు. బస్సు దిగి, పేరైనా తెలియని మనిషి కత్తికింద మెడపెట్టి కునుకు తీసిన సందర్భాలెన్నో. ఆ ధైర్యం ఎక్కడిదో ఆ సాయంత్రం దాకా నాకు తట్టలేదు.

సాయంత్రం ఒక గ్లవ్వు బతికి బయటపడింది. తాత దాన్ని అటూ ఇటూ తిప్పాడు. వేళ్ళ సందుల్లో కూడా నురగ లేదు.

"చెయ్యి కుదిరింది. నోరేదీ? ఉలుకూ పలుకూ లేకుండా కత్తి పట్టుకుని మీదికొస్తే ఎవడు కళ్ళు మూసుకుంటాడు? మాట్లాడు."

"ఎవరితో?"

"దాంతోనే."

నర్సు మొహం కందిపోయింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఏమండీ, పిల్లలు బాగున్నారా?" అని గ్లవ్వును అడిగింది.

"ఐదుగురూ బాగున్నారమ్మా!" దుప్పట్లోంచి గుండె జబ్బాయన.

వార్డు గొల్లుమంది. ఆవిడా నవ్వింది. ఆ తర్వాత నోరు ఆగితేనా! అత్తగారి కీళ్ళనొప్పులు, రాని కొళాయి నీళ్ళు, తప్పిన లెక్కల పరీక్ష అన్నీ గ్లవ్వుకు చెప్పుకుంది.

మర్నాడు తాత పొట్టకు నురగ పూస్తూ, "దేనికి తాతా అంత భయం?" అంది.

తాత పైకప్పు కేసి చూస్తూ అన్నాడు: "ఊరందరినీ కూర్చోబెట్టాను. నా కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదమ్మా."

ఏం కాదులే అని ఆవిడ అనలేదు. "మత్తెక్కేదాకా పక్కనే ఉండి వాగుతూనే ఉంటా," అంది.

పని అయ్యాక పొట్టకు అద్దం పట్టింది. తాత తల వంచి చూసుకుని, "ఊఁ," అన్నాడు.

తాత క్షేమంగా మంచానికి చేరాక లోపలి ముచ్చట ఆవిడే చెప్పింది. డాక్టరు చేతులకు గ్లవ్వులు తొడుక్కుని, మౌనంగా వచ్చి నిలబడ్డాడట. తాత తలెత్తి, "ఈయనకీ నోరు లేదా?" అన్నాడట. ఈవిడ డాక్టరు చెవిలో ఏదో ఊదింది. ఆయన గొంతు సవరించుకుని, "ఏమండీ, పిల్లలు బాగున్నారా?" అన్నాడు.

తాత ఆ గ్లవ్వుల వంక చూసి, "ఐదుగురూ బాగున్నారు," అని కళ్ళు మూసుకున్నాడు.