వంటమ్మ కోసిన సగాలు

వంటమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ఇంకెవరిదో గుండె ఎలా ఉందో కనుక్కుంటున్నాను. విశాఖలో ఒక ఆసుపత్రి గుండె విభాగంలో నా ఉద్యోగం అదే. స్టెంట్ వేయించుకుని ఇళ్లకు వెళ్లినవాళ్లకి నెలకి, ఆరు నెలలకి, ఏడాదికి ఫోన్ చేయాలి. ఆయాసం ఉందా, నొప్పి ఉందా, మందులు వాడుతున్నారా అని అడిగి, చెప్పింది కంప్యూటర్లో గళ్లలో నింపాలి. అవతల ఒక పెద్దాయన తన ఆయాసం వదిలేసి గేదె ఆయాసం గురించి చెబుతున్నాడు. ఇంతలో నా సొంత ఫోన్ బల్ల మీద వణికింది. నేను చదువుకున్న హాస్టల్ వాచ్‌మన్ తాత. నాకెప్పుడూ ఫోన్ చేయని మనిషి.

"గుంటా, వంటమ్మ సచ్చిపోనాది," అన్నాడు. "పొద్దున్న ఉప్మాకి నీళ్లు పెట్టి బియ్యం బస్తా మీద కూకుంది. మరి లెగలేదు."

అంబులెన్స్ కొండ ఎక్కేలోగానే అంతా అయిపోయిందట. నీళ్లు మరిగి మరిగి గిన్నె మాడిందట. పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో నిలబడే ఉన్నారట.

ఆమె పేరు రాయను. హుకుంపేట అవతల మలుపులో ఉన్న ఆ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో చదివిన మాలో ఎవరికీ ఆమె పేరుతో పని పడలేదు. వార్డెన్లు మారారు, టీచర్లు మారారు, రేకుల కప్పు పోయి శ్లాబు వచ్చింది. వంటమ్మ మాత్రం వంటమ్మే. కురుపాం వైపు నుంచి పనికి వచ్చి మా వంటింట్లో స్థిరపడిపోయింది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఆదివారం చర్చికి వెళ్లేది కానీ ఆఖరి ప్రార్థన అయ్యేదాకా ఉండేది కాదు. పప్పు అడుగంటుతుందని బేగి వచ్చేసేది.

మీలో హాస్టల్ తిండి తిన్నవాళ్లకి గుడ్ల రోజు అంటే ఏమిటో తెలుస్తుంది. ఘాట్ రోడ్డులో లారీ ఆగిపోయిందనో, వాన అనో ఒక్కోసారి సరుకు సగమే వచ్చేది. పెద్ద క్లాసులకి ఇచ్చేసి చిన్నవాళ్లకి రేపు చూద్దామని వార్డెన్ అనేది. వంటమ్మ వినేది కాదు. వంటింటి తలుపు మేకుకి ఒక తెల్లదారం వేలాడేది. దాని ఒక కొస పళ్ల మధ్య పట్టుకుని, రెండో కొస చేత్తో బిగలాగి, ఒలిచిన గుడ్డు మీదుగా ఒక్కసారి దింపేది. పచ్చసొన చెదరకుండా రెండు సగాలయ్యేవి. ఎవరి సగం పెద్దదో మేం వెతికేవాళ్లం. దొరికేది కాదు. "సగమైనా అందరికీ అందాల," అనేది. "ఒక కంచంలో ఉండి పక్క కంచంలో లేకపోతే అది తిండి కాదే."

నేను ఆ హాస్టల్ నుంచి మూడుసార్లు పారిపోయాను. ఒక చోట కాలు నిలవని రకం, ఇప్పటికీ అంతే. మూడోసారి గోడ మీద ఒక కాలు అటు, ఒక కాలు ఇటు వేసుకుని ఉండగా వంటమ్మ చూసింది. అరవలేదు. వార్డెన్‌ని పిలవలేదు. లోపలికి వెళ్లి గిన్నె అడుగున మాడిన అన్నం చెక్కు గీకి, బెల్లం ముక్క పెట్టి తెచ్చి గోడ కింద నిలబడింది. "పారిపోతే పారిపో. తిని పారిపో," అంది. చెక్కు కరకరలాడుతుంటే గోడ మీదే కూర్చుని తిన్నాను. తిన్నాక దూకాలనిపించలేదు. డిగ్రీ చదివానంటే ఆ చెక్కు వల్లే.

పోయిన ఎండాకాలం ఆమె నన్ను చూడటానికి విశాఖ వచ్చింది. సంచిలో చోడిపిండి, అదే రాగిపిండి, మిరియాలు, ఒక పనసకాయ. మా గది మెట్లెక్కి వచ్చి దవడ పట్టుకుంది. పన్ను నొప్పేమో అంది. ఎడం చెయ్యి కూడా లాగుతోందంది. రోజంతా ఫోన్లో అవే ప్రశ్నలు అడిగే మనిషిని కదా, పనసకాయ అక్కడే పడేసి ఆటో ఎక్కించాను. ఆ మధ్యాహ్నమే మణికట్టులోంచి సన్నటి గొట్టం పంపి స్టెంట్ వేశారు. మూడో రోజున ఇంటికి పంపించారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్రలు వేసుకోవాలని, ఏడాదిలోపు ఒక్క పూట కూడా మానకూడదని డాక్టరు చెప్పారు. నేను ఆమెకి మన మాటల్లో మళ్లీ చెప్పాను. తల ఊపింది. ఆమెని నేనే బతికించానని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను.

ఆమెని దిగబెట్టడానికి వెళ్లినప్పుడు ఊరి ఆడవాళ్లు గాయం చూడటానికి వచ్చారు. మా వైపు ఆపరేషన్ అయినవాళ్లని అలాగే చూస్తారు. కుట్లు చూపించాలి, చూసినవాళ్లు నిట్టూర్చాలి, గాయం మానేదాకా ఎవరూ పని చెప్పకూడదు. వంటమ్మ చెయ్యి చాపి మణికట్టు మీద చుక్క చూపించింది. ఒకావిడ కళ్లద్దాలు సవరించుకుని వెతికింది. "ఇదేనేటి? కంపముల్లు గుచ్చుకున్నా ఇంతకంటే పెద్దదే ఉంటాది," అంది. అందరూ నవ్వారు, వంటమ్మ కూడా నవ్వింది. కానీ ఆమెకి సిగ్గేసిందని నాకు తెలిసింది. చూపించడానికి ఏమీ లేకుండా కూర్చోవడం ఆమెకి చేతకాలేదు. మర్నాడే అన్నం గిన్నె దించుతోంది. నేను కేకలేస్తే, "దెబ్బ ఏదే? ఏ దెబ్బ సూపించి కూకోమంటావు?" అంది.

నెల ఫోన్ బాగానే అయింది. ఆరు నెలల ఫోన్ వచ్చేసరికి వలిసె పూలు విచ్చి కొండలన్నీ పసుపు పచ్చగా ఉన్నాయి. మా ఫోన్లు రికార్డవుతాయి కాబట్టి, నమస్కారమండీ, గుండె విభాగం నుంచి మాట్లాడుతున్నాం అని మొదలుపెట్టాను.

"ఏటే, ఎవులో తెలీనట్టు మాటాడతన్నావు?" అంది.

నవ్వు ఆపుకుని వరసగా అడిగాను. ఎలా ఉన్నారండీ అంటే బాగున్నానంది. ఆయాసం వస్తోందా అంటే కొండెక్కితే ఎవరికి రాదని ఎదురడిగింది. 'లేదు' గడిలో టిక్ పెట్టాను. రోజూ మాత్రలు వేసుకుంటున్నారా అన్నాను. "ఒక్క రోజు మానలేదే. దేవుడి మీద ఒట్టు," అంది. అది నిజమే. టిక్ పెట్టాను. ఆ తర్వాత ఆమె నన్ను అడిగింది, తిన్నావా అని. దానికి గడి లేదు.

మా మనుషులు దూరం నుంచి ఫోన్ చేసినవాళ్లకి బాగోలేదని చెప్పరు. అంత దూరంలో ఉన్నవాళ్లు ఏం చేయగలరు, బెంగ పెట్టుకోవడం తప్ప, అని వాళ్ల లెక్క. ఇది ఆసుపత్రిలో ఎవరికీ తెలియకపోవచ్చు. నాకు తెలుసు. నేను అక్కడి గుంటనే, ఆ కొండల్లో పెరిగిన పిల్లనే. అయినా టిక్కులు పెట్టాను.

సమాధి రోజున దారి పొడవునా కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే పెద్ద పిల్లలు ఏడ్చారు. చిన్నవాళ్లకి ఏడవాలో వద్దో తెలియక ఒకరి జడలు ఒకరు సరిచేసుకున్నారు. అందరూ మట్టి వేసి వచ్చాక వంటింట్లోకి వెళ్లాను. మాడిన గిన్నె తోమకుండా మూల ఉంది. కత్తిపీట కడిగి బోర్లించి ఉంది. తలుపు మేకుకి దారం ఉంది. కిటికీ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. అక్కడ గ్లాసెందుకుందా అని ఎత్తాను. కింద సీసా మూత, అందులో రెండు సగం మాత్రలు. ఒకటి తెల్లది, ఒకటి లేత గులాబీ. ఆసుపత్రిలో రోజూ చూసే రంగులు.

వాచ్‌మన్ తాత గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "అయ్యి నాయే గుంటా," అన్నాడు.

కూర్చోబెట్టి అడిగాను. వానాకాలంలో గేటు వేస్తుంటే అతనికి గుండెలో పట్టేసింది. దగ్గర్లో ఉన్న డాక్టరు చూసి విశాఖ వెళ్లమన్నాడు. నాట్లయ్యాక వెళ్తానన్నాడు తాత. నాట్లయ్యాక కోతలయ్యాక అన్నాడు. వంటమ్మ వినివిని, నొప్పి ఎక్కడెక్కడ వస్తోందో చెప్పించుకుంది. తనకి వచ్చింది అదే నొప్పి అని తేల్చింది. అదే నొప్పికి అదే మందు. మర్నాటి నుంచి పొద్దున్నే తన మాత్రల్ని కత్తిపీట మీద రెండుగా కోసి, అతని సగాలు మూతలో వేసి గ్లాసు బోర్లించేది. తన సగాలు మింగి, రాలిన పొడి వేలికి అద్దుకుని నాకేది. అతను వద్దంటే తిట్టిందట. "నువ్వు సగం, నాను సగం. ఇద్దరం బతుకుతాం," అందట.

చనిపోయిన రోజు పొద్దున్న కూడా ముందు అతని సగాలు కోసి పెట్టింది. ఆ తర్వాతే ఉప్మాకి నీళ్లు పెట్టింది.

వరండాలోకి వచ్చి మా డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఎవరైనా రోజూ సగం మాత్రే వేసుకుంటే ఏమవుతుందండీ అన్నాను. స్టెంట్ మూసుకుపోవచ్చు, ఖాయంగా చెప్పలేం అన్నారు. "అయినా సగం ఎందుకు వేసుకుంటారమ్మా ఎవరైనా?" అన్నారు. ఆయనది నిజమైన సందేహం. గుడ్లు కోసే దారం గురించి ఆయనకి ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పను? ఫోన్ పెట్టేశాను.

తాత నా మొహమే చూస్తున్నాడు. డాక్టరుతో మాట్లాడానని తెలుసుకున్నాడు.

"నా మూలంగానేటి?" అన్నాడు.

తాత చెయ్యి ఛాతీ మీద ఉంది, బొత్తాం పెట్టుకుంటున్నట్టు. నేను చదువుకున్నదాన్ని. గళ్లు నింపేదాన్ని. "కాదు తాతా," అన్నాను. బాగున్నాను అని వంటమ్మ చెప్పినంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట.

తర్వాత చాలాసేపు బతిమాలాను. నాతో రమ్మన్నాను, ఆ సగాలు నీకూ సరిపోవన్నాను, నువ్వు ఏ మాత్ర ఎంత వేసుకోవాలో నీ గుండె చూసి డాక్టరే చెప్పాలన్నాను. ప్రతిదానికీ అలాగే అన్నాడు. అలాగే అన్నాడంటే రాడు. కొత్త వంటమనిషి వచ్చేదాకా పిల్లల్ని వదిలి ఎలా రావడం అన్నాడు. పిల్లల బాధ్యత అతనికి పైవాళ్లెవరూ అప్పగించలేదు. గ్లాసు కింద పెట్టి ఇచ్చినట్టు వంటమ్మే ఇచ్చి పోయింది.

రేపు ఆఫీసులో ఆమె పేరు తెరవాలి. 'మరణం' అని ఎంచుకుంటే కింద ఇంకో ప్రశ్న వస్తుంది: రోగి మందులు ఆపేశారా? అవును, లేదు. రెండే. 'లేదు' అని పెట్టాలి. మందులు మానని మనిషిగా ఆమె లెక్కల్లో మిగులుతుంది. ఒకవేళ నేను ఉన్నదున్నట్టు రాసినా, చదివేవాళ్లు మతిలేని మనిషి అనుకుంటారు. మతిలేకపోతే ఆ గుడ్డు అంత సరిగ్గా ఎలా తెగేది?

పొద్దున్నే బస్సుకి బయల్దేరాను. వంటింట్లో టీచర్లే ఏదో వండుతున్నారు, పొగ ఎక్కువగా వస్తోంది. గేటు దగ్గర తాత లేడు. వెనక్కి తిరిగి చూస్తే వంటింటి కిటికీ దగ్గర ఉన్నాడు. పోయిన సంతలో వంటమ్మ అతనితో తెప్పించిన మందుల అట్టలు అతని జేబులోనే ఉండిపోయాయని అప్పుడు తెలిసింది. గట్టు మీద కత్తిపీట పెట్టుకుని, రెండు మాత్రలూ ఒక్కొక్కటిగా కోశాడు. ఆమె కోసినంత సమంగా తెగలేదు. చిన్న ముక్కలు తను నోట్లో వేసుకున్నాడు. పెద్దవి మూతలో వేసి, గట్టు మీద పెట్టి, పైన గ్లాసు బోర్లించాడు.