నీళ్ళలో ఉన్న పంటకు ముగింపు

ఆదివారం అనుబంధం చూసే ఎడిటరు గారికి నా వ్యాసం నచ్చింది, చివరి పేరా తప్ప. "మీ అక్కయ్య సంగతి బాగా రాశారు. కానీ చివరికి గెలిచిందా, ఓడిందా? చదివేవాళ్ళకు ఏదో ఒకటి చెప్పాలి కదండీ. శుక్రవారానికల్లా పంపండి" అన్నారు ఫోనులో. నాకు ఒళ్ళు మండింది. అయినా సరేనన్నాను. సొంత బతుకులోంచి వ్యాసాలు రాసేవాళ్ళకు ఇదొక జబ్బు. జరిగినదాన్ని జరిగినట్టు వదలలేం. దానికొక అర్థం తగిలించేదాకా మనసు ఊరుకోదు.

అక్కది ఇందుకూరుపేట వైపు, సముద్రానికి దగ్గర్లో ఒక రొయ్యల గుంట. బావ పోయాక దాన్ని లీజుకిచ్చెయ్యమని అత్తగారి వైపు వాళ్ళంతా పోరారు. అక్క వినలేదు. తానే చేస్తానని దిగింది. ఆమె మరిది అడ్డం పడ్డాడు. పెద్దవాళ్ళ ముందు పంచాయితీ జరిగి చివరికి ఒక మాట అనుకున్నారు. ఈ పంట నిలబెడితే గుంట అక్కే చేసుకోవచ్చు. పోతే మరిదికి వదిలెయ్యాలి. నేను వ్యాసం రాసింది ఆ పంట గురించే. రొయ్యలు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి, నాకేమో అప్పుడే ముగింపు కావాలి.

గురువారం బస్సెక్కి వెళ్ళాను. మా వైపు రొయ్యల గుంటల దగ్గర ఒక పట్టింపు ఉంది. పట్టుబడి రోజున వల లాగి సరుకు గట్టెక్కేదాకా పంట బాగుందని ఎవరూ నోరు తెరిచి అనరు. ఎవరడిగినా "ఏదో ఉండాది" అంటారు. అంతకు మించి ఒక్క మాట రాలదు. దిష్టి తగులుతుందని కొందరంటారు. నేనైతే భయం అంటాను. నీళ్ళ అడుగున ఏం జరుగుతోందో ఎవరికి కనిపిస్తుంది గనక.

ఇదంతా నాకు తెలియనిది కాదు. అయినా మధ్యాహ్నం నుంచి అక్క ప్రాణం తీశాను. ఆమె మేత కలుపుతుంటే అడిగాను. మేత వేసిన చెక్ ట్రేని తాడుతో పైకి లాగి, రొయ్యలు ఎంత తిన్నాయో చూసుకుంటుంటే మళ్ళీ అడిగాను.

"ఎట్టుందక్కా పంట?"

"ఏదో ఉండాది."

"అట్ట కాదు. నేను రాయాల. బాగుందా లేదా, ఏదో ఒకటి చెప్పు."

"పట్టుబడి అయినాక రాసుకోమే. పేపరు యాడికి పోతాది?"

"రేపటికి పంపాలక్కా."

ట్రేని మెల్లగా నీళ్ళలోకి దించి నా మొహంలోకి చూసింది. చిన్నప్పటి నుంచి నేను అడిగింది కాదనడం ఆమెకు చేతకాదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

"బాగుండాది. రొయ్య బలంగా ఉండాది. ఈ తూరి నిలబడినట్టే. రాసుకో పో" అంది.

మేత మూట మోసుకొస్తున్న కూలి మనిషి గట్టు మీద ఆగి మా ఇద్దరి వైపూ చూశాడు. మూట దించి వెళ్ళిపోయాడు. నేను ఆ సాయంత్రమే కూర్చుని చివరి పేరా రాసేశాను. భలే కుదిరిందని మురిసిపోయాను కూడా.

మర్నాడు తెల్లవారుతూనే ఆకాశం నిండా మబ్బు. గాలికి కరెంటు పోయింది. నీళ్ళను చిలికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయాయి. జనరేటర్ ఎంత తిప్పినా అందుకోలేదు. కాస్త వెలుతురు వచ్చేసరికి గుంట అంచుల వెంట రొయ్యలు పైకి తేలి, మీసాలు బయటపెట్టి తచ్చాడుతున్నాయి. నీళ్ళలో ఊపిరి అందకపోతే అట్లా వస్తాయి. ఆలస్యమైతే చచ్చి అడుక్కు పోతాయి. అక్క, కూలి మనిషి నడుం లోతు నీళ్ళలో దిగి, కాస్తయినా గాలి కలవాలని తట్టలతో నీళ్ళు ఎత్తి ఎత్తి పోస్తున్నారు. అంత గుంటకు ఆ రెండు తట్టలు ఏ మూలకు?

నేను గట్టు మీద ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాను. తలలో వాక్యాలు తిరుగుతున్నాయి. నిన్నటి పేరా ఇక పనికిరాదు, దీన్ని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అని ఆలోచిస్తున్నాను. నిన్నటి దానికన్నా ఇదే బాగా వస్తుందేమో అని కూడా తోచింది.

"ఏం చూస్తా ఉండావు. దిగుమే" అని అరిచింది అక్క.

ఫోను గట్టు మీద పడేసి దిగాను. బురదలో కాలు పెడితే కదలని రొయ్యలు కొన్ని అరికాలికి తగిలాయి. ఇక ఒక్క వాక్యమూ రాలేదు. అక్క గుంట పోతుందని భయమేసింది, అంతే. చేతికి దొరికిన బకెట్టుతో పిచ్చిదానిలా నీళ్ళు చిమ్మాను.

ఎవరు కబురు చేశారో ఏమో, మరిది మెకానిక్కును బండి మీద ఎక్కించుకుని వచ్చాడు. మా వైపు చూడనైనా చూడకుండా ఇద్దరూ జనరేటర్ ముందు కూర్చున్నారు. అది అందుకునేదాకా మేము నీళ్ళలోంచి కదల్లేదు. ఏరేటర్లు తిరగడం మొదలయ్యాక అతను లేచి గట్టు అంచుకు వచ్చాడు.

"పంట బాగుండాదని నిన్న నోటితోనే అన్నావంట గదా వదినా. ఎవురన్నా అంటారా ఆ మాట?"

ఆ మాట పట్టుబట్టి అనిపించింది నేను. అదే చెబుదామని నోరు తెరిచేలోగా అక్క అందుకుంది.

"అన్నా. నా చెల్లెలికి కావాల్సొచ్చింది, అన్నా. గుంట నాది, నోరు నాది. నువ్వు కొనేవాళ్ళకు ఫోన్ చెయ్యి. మిగిలిందన్నా ఈ పూటే పట్టించేస్తా."

అతను ఫోను తీశాడు. మధ్యాహ్నానికి లారీ వచ్చింది. వల గట్టెక్కింది. సగానికి పైగా బతికే ఉన్నాయి. అయితే ఇంకా పెరగాల్సిన సరుకు, చిన్నది. ఐస్ పెట్టెలన్నీ ఎక్కించేదాకా మరిది కూడా చెయ్యి వేశాడు. బండి తీస్తూ అక్కతో, "ఇంకొక్క పంట చూడు వదినా. పెద్దోళ్ళకు నేను చెప్తాలే" అన్నాడు.

అతను మలుపు తిరిగాక అక్క గట్టు మీద కూలబడింది. బావ పోయినప్పుడు కూడా నా ముందు ఏడవని మనిషి, బురద చేతులతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను పక్కనే కూర్చున్నాను. ఫోను మోగింది. ఎడిటరు గారు. కట్ చేసి, దాన్ని అట్లాగే పట్టుకుని కూర్చున్నాను.

"ఇది కూడా రాస్తావా?" అని అడిగింది అక్క, మొహం మీద నుంచి చేతులు తీయకుండానే.

"రాయన్లే అక్కా."

"రాయి. నేను ఏడస్తా ఉంటే నువ్వు నా చెయ్యి పట్టుకున్నావని కూడా రాయి."

అప్పటిదాకా నేను పట్టుకోలేదు.