గంటకు ముందు చెంబు

మా నాన్న శౌరి రొంపిచెర్ల దగ్గర మా పల్లెలో కతోలిక గుడి గంట కొట్టేవాడు. తెల్లవారకముందే చెంబు పట్టుకుని జొన్నచేలోకి వెళ్ళొచ్చి, ఆ తర్వాతే తాడు ముట్టేవాడు. భక్తి కాదు, జాగ్రత్త. ఆ గంట మోగాలంటే మనిషి తాడుకు వేలాడాలి. కడుపు ఖాళీ కాకుండా వేలాడితే దేవుడి ముందు ఏం జారుతుందో చెప్పలేం.

1955 ప్రాంతంలో, ఆయనకు అరవై దాటాక, కడుపు మొరాయించింది. చేలో కూర్చుని ఉండగానే పొద్దెక్కేది. సగం పనితో వచ్చి గంట కొట్టి, ప్రసంగం వేళకు మళ్ళీ చేలోకి పోయి, పూజ చివర ఫాదర్ గారు నాలుక మీద పెట్టే సత్ప్రసాదానికి తిరిగొచ్చేవాడు. ఆ గంట విని లేచే కూలీలు ఆలస్యం, పూజ ఆలస్యం.

"ఈస్టరు దాకా చూస్తాను శౌరీ. తర్వాత తాడు నీకన్నా చిన్నవాడు, యేసుపాదానికిస్తా," అన్నారు ఫాదర్ గారు.

నాన్నకు ఊళ్ళో ఉన్న హోదా ఆ తాడొక్కటే. భయపడి గిన్నెడు ఆముదం తాగాడు. మర్నాడు చావుగంటలా నాలుగు దెబ్బలే కొట్టి తాడొదిలి పరుగెత్తాడు.

"ఏందయ్యా, ఎవరో చచ్చారని జనమంతా వచ్చారు!" అంది అమ్మ.

"నేనే చస్తన్నా, పోవే!"

నరసరావుపేటలో డాక్టర్ బ్రహ్మానందం గారికి చూపించాను.

"పెద్దపేగులో ఉన్నదాన్ని ముందుకు తొయ్యమని కండకు చెప్పేవి నరాలు. వయసుతో కొన్ని నరాలు పోతాయి, కండ సత్తువ తగ్గుతుంది. ముసలెద్దును ఆముదంతో బాదితే ఎట్టా? లేవగానే చెంబెడు వేడినీళ్ళు తాగు, పేగు కదులుతుంది."

నాన్న చెవులు మూసుకున్నాడు. "సత్ప్రసాదం తీసుకునేవాణ్ణి. అర్ధరాత్రి నుంచి చుక్క ముట్టకూడదు బాబూ!"

ఊరికొచ్చి ఫాదర్ గారికీ అదే చెప్పాడు. ఆయన తల పట్టుకున్నారు. "నీళ్ళు తాగొచ్చని రోము నుంచి ఆజ్ఞ వచ్చి ఏళ్ళయింది. ప్రసంగంలో నేనే చదివా. నువ్వెక్కడున్నావు?"

"చేలో ఉన్నా సామీ."

మర్నాటి నుంచి వేడినీళ్ళు. పోయిన నరాలు తిరిగి రాలేదు గానీ, ఉన్నవి నిద్ర లేచాయి. ఈస్టరు పోయింది, తాడు నాన్న దగ్గరే ఉండిపోయింది. ఎప్పుడైనా గంట ఆలస్యమైతే ఫాదర్ గారు చేల వైపు చూసి నవ్వుకునేవారు.

మొన్న నాన్న పోతే శవపెట్టెలో పెట్టి గుడికి తెచ్చాం. గంట మోగదు. తాడు కొత్తగా చేతికొచ్చిన యేసుపాదం జాడ లేదు. వాడికీ అరవై దాటాయి. జనం విసుక్కుంటుండగా చెంబుతో చేలోంచి వస్తూ కనిపించాడు. నాన్న ఉంటే అడిగే మాట నేనే అడిగాను.

"వేడినీళ్ళు తాగావా, బాబాయ్?"