వైరు చాప మీద ఎర్ర చేపలు

ఇంట్లో ఫ్రిజ్ ఉన్నవాళ్ళను ఊరంతా గౌరవంగా చూసే రోజులవి. మా మరిది మాత్రం గుంటూరు నుంచి అద్దాల చేపల తొట్టి తెచ్చాడు (రెంటచింతల దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని, పక్కవాణ్ణి దగ్గనివ్వకుండా). అప్పటికి నేను ఆ ఇంటికి కొత్త కోడలిని. "మనుషులకే నీళ్ళు లేక చస్తంటే చేపల్ని మేపుతావా?" అని అత్తయ్య మొహం తిప్పుకుంది.

మొదట అడుగున ఇసుక పోశాడు. ఎర్ర చేపలు దాన్ని కెలికి కెలికి తొట్టిని వరద కాలువ చేశాయి. ఇసుక తీసేసి, ఉత్త అద్దం మీదే నాపరాళ్ళ ముక్కలతో గుట్ట కట్టాడు. ఓ మధ్యాహ్నం పైరాయి జారి అడుగున ఠంగుమంది. అందరం బిందెలు, బకెట్లు పట్టుకుని పరుగెత్తాం (నేను కంగారులో జల్లెడ పట్టుకెళ్ళాను). అద్దం పగల్లేదు గానీ, "ఈసారి పడితే తొట్టీ పోద్ది, చేపలూ పోతయ్యి వదినా" అంటున్న మరిదికి ఏడుపొక్కటే తక్కువ.

ఆడవాళ్ళందరం ప్లాస్టిక్ వైరుతో బుట్టలు అల్లే కాలం కదా, అత్తయ్య తను సగం అల్లిన పచ్చ బుట్టను విప్పేసి, తొట్టిని జానతో కొలిచి, అడుగుకు సరిపడా చాప అల్లింది. కొసలు చేపలకు గుచ్చుకోకుండా అన్నీ లోపలికి దోపింది. వేన్నీళ్ళలో కడిగి, చేపల్ని బకెట్లోకి మార్పించి, చాపను అడుగున పరిచింది.

"ఏమే, ఆ పెద్ద రాయి ఇట్టా తే" అంది నాతో.

"అమ్మా, వద్దే!" అని మరిది అరిచాడు.

"పడితే ఏమైద్దో ఇప్పుడే తెలవాలిరా. చేపలున్నప్పుడు తెలిస్తే ఏం లాభం?" అంటూ రాయి వదిలేసింది. నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను. మెత్తగా దబ్బుమంది, అంతే. కళ్ళు తెరిచేసరికి రాయి చాప మీద బుద్ధిగా కూర్చుంది. అద్దానికి గీతయినా పడలేదు. చూడ్డానికొచ్చిన అమ్మలక్కలు చేపల్ని వదిలేసి ఆ అల్లిక నేర్పమన్నారు (తొట్టి ఒక్కరింట్లోనూ లేదు).

ఆ తర్వాత పని తెమలగానే అత్తయ్య తొట్టి ముందు పీట వేసుకుని కూర్చునేది. పాపం ముసలావిడకు చేపల మీద మోజు పుట్టిందనుకున్నాను (ముసలావిడంటే నలభై అయిదేళ్ళు, నా పంతొమ్మిదేళ్ళ కళ్ళకు అంతే మరి). ఇప్పుడు ఆ వయసు నేనూ దాటాను. జాకెట్టు కుట్టడం బాగా కుదిరితే మంచం మీద పరుచుకుని, ఏదో పనున్నట్టు ఆ గదిలోకి పదేపదే వెళ్తున్నాను. ఆవిడ అన్నాళ్ళూ మురిసిపోయింది తన చాపను చూసుకునేనని ఇన్నాళ్ళకు తెలిసింది. అంత బాగా అల్లింది మరి, చూసుకోవద్దూ!