పొయ్యి వీధి వైపే

నానిన బొరుగులను పిండుతుంటే వేళ్ల సందుల్లోంచి చల్లని నీళ్లు జారతాయి. పక్క మూకుడులో పచ్చిమిరప పోపు చిటపటమంటుంది. నాగర్‌కర్నూల్ దుకాణంలో నాకు రోజూ ఇలాగే తెల్లవారుతుంది. రోజూ నర్సన్నే గుర్తొస్తాడు.

ఈ బొరుగుల ఉగ్గాని బజ్జి గద్వాల వాళ్లకు కొత్త కాదు. దాన్ని తోపుడుబండి మీంచి దించి దుకాణం పెట్టి, వనపర్తికీ నాగర్‌కర్నూలుకూ అదే పేరుతో, అదే రుచితో నడిపించింది మాత్రం నర్సన్న. బస్సు కదిలేలోగా ప్లేటు చేతికందాలన్నది ఆయన పట్టు. ప్రతి దుకాణంలోనూ పొయ్యి వీధి వైపే ఉండాలి, పిండే చేతులు తినేవాళ్లకు కనబడాలి. అది ఇంకా పెద్ద పట్టు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా వైపు వస్తున్న రోజులవి. పాన్‌గల్ దగ్గర ఊరి బయటి వాడలోని కూలీ కుటుంబం మాది. పూణేలో ఇటుకలు మోసి తిరిగొచ్చిన నన్ను నర్సన్న వనపర్తి దుకాణంలో పొయ్యి ముందు కూర్చోబెట్టాడు. మొదటి ఉదయమే మా ఊరి పెద్ద రైతొకాయన నన్ను గుర్తుపట్టాడు. "గీమె పిసికింది మేం తినాల్నా?" అని ప్లేటు పెట్టేసి పోయాడు. ఆయన వెనకే మిగతావాళ్లూ జారుకున్నారు. పేరు చెప్పను, ఆయన మనవలిప్పుడు మా దగ్గర రెండో ప్లేటు అడుగుతారు.

ఆ వారమంతా ఈగలు తోలుకున్నాం. ఈ పని పోతే మళ్లీ పూణే కూలీల ముఠాలో చేరాల్సిందే, నా బిడ్డ బడి అంతటితో సరి. గిన్నెలు తోముకునైనా ఉందామని నేనే అడిగాను.

"అన్నా, నన్ను ఎన్కకు పంపు. ముంగట ఇంకెవల్నన్న కూసోబెట్టు. నా వల్ల నీ దుకాణం మునుగుతది."

నర్సన్న ప్లేటు పట్టుకొని నా చేత పెట్టించుకుని, వీధి మెట్టు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా నిదానంగా తిన్నాడు.

"నువ్వు గిప్పుడు ఎన్కకు పోతే, నీ తర్వాత వచ్చెటోళ్లంత ఎన్కనే ఉంటరు చెల్లె. దుకాణం మునిగితే మునగనీ. మల్ల బండి నూకుత."

మర్నాడూ గద్వాల నుంచి తొలి బస్సుకే వచ్చి అదే మెట్టు మీద తిన్నాడు. జనం మళ్లీ తినడానికి వచ్చేదాకా అలా వస్తూనే ఉన్నాడు. కష్టపడి కట్టుకున్నదంతా నా చేతుల కోసం పణం పెట్టిన ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

నర్సన్న పోయాడు, దుకాణాలున్నాయి. ఈ నాగర్‌కర్నూల్‌ది నేనే నడుపుతున్నాను. మొన్న కోడేరు నుంచి ఒకామె పనికొచ్చింది. లోపల ఉంటానక్కా అంది. కులం నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పొయ్యి ముందు పీట వేసి కూర్చోబెట్టి, ఆమె చేతి ప్లేటు అందుకుని మెట్టు మీదికి నడిచాను.