నీళ్లు పడే సద్దు

ఈ రోజు సాయంత్రమంతా మా అక్వేరియం పైపుతో కుస్తీ పట్టాను. పై తొట్టి నుంచి పొర్లిన నీళ్లు పైపులోంచి కింది తొట్టిలోకి దిగేటప్పుడు ఒకటే గుడగుడ. ఉరవకొండ దగ్గర శెనక్కాయ పండించే మా మామ నిన్ననే మా ఇంటికి వచ్చారు. ఆయనకు నిద్ర చెడుతుందని వాల్వును కొద్దికొద్దిగా బిగిస్తూ పోతే చివరికి చప్పుడు ఆగింది. పక్కనే కూర్చున్న మామ ముఖం చిన్నబోయింది.

"ఏం మామా, బాగాలేదా?"

"ఆ సద్దు ఉండనీ అల్లుడా. మా బోరు ఎండిపోయినప్పటి నుంచి నీళ్లు పడే సద్దు యాడా వినలేదు. రేత్రి అది వింటానే నిద్రపోయినా."

వాల్వును మళ్లీ కొంచెం వదులు చేశాను. ఆయన గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నారు. ఈ అక్వేరియం గ్రూపులో నాకు చప్పుడు లేకుండా చేసే చిట్కాలు చెప్పిన మిత్రులారా, ఇప్పుడేమంటారు?