నూటికి నూరు వచ్చిన కాగితం

మూడో తరగతిలో మా పాపకు పరిసరాల విజ్ఞానంలో నూటికి నూరు వచ్చాయి. పుట్టుకతో చూపు లేని పిల్ల. ఎమ్మిగనూరులో మా వీధి బడిలోనే అందరితో పాటు చదివేది. నేను ఆదోనిలో అంధుల బడి ఉంది, హాస్టల్లో ఉంచుదామనేవాణ్ణి. నా భార్య ఒప్పుకోలేదు.

"కండ్లు ల్యాకపోతే ఇల్లు గూడా ల్యాకుండ జేస్తావా?" అంది.

 నూటికి నూరు వచ్చాక నేను ఆదోని మాటే ఎత్తలేదు.

వీధి బడిలో పాపను బాగా చూసుకున్నారు. ఆమె చెయ్యి పట్టుకుని నడిపించడానికి పిల్లలు వంతులు వేసుకున్నారు. మూడేళ్ళలో ఆమె తన సంచి తాను మోసింది లేదు. బ్రెయిలీ నేర్పే సారు వారానికొకసారి రావాలి. నెలకొకసారి వచ్చాడు, తర్వాత అక్షరాల పట్టిక ఒకటి ఇచ్చి రావడం మానేశాడు. పరీక్షలో పాప బ్రెయిలీ పలక మీద కాగితం బిగించి సూదితో టకటకా చుక్కలు పొడిచింది. క్లాసు సారు దాన్ని చదవలేడు కాబట్టి ఆమెనే చదవమన్నాడు. చదివింది. మార్కులు వేశాడు.

"ఆపమన్నా ఆపలేదు అన్నా, రెండు పేజీలు రాసింది," అన్నాడు నాతో, గర్వంగా.

ఆ కాగితం ఎట్లా ఉంటుందో చూడాలని నా భార్య ఇంటికి అడిగి తెచ్చుకుంది. ఆమె చదివింది ఐదో తరగతే. కానీ మాది మగ్గం ఇల్లు. మగ్గం పైన చిల్లుల అట్టలు వేలాడుతుంటాయి. ఏ చిల్లుకు ఏ పోగు లేస్తుందో, చీర అంచులో ఏ పువ్వు పడుతుందో అట్ట చూసి చెప్పేది. చుక్కలు ఆమెకు కొత్త కాదు. పట్టిక ముందు పెట్టుకుని కూర్చుంది. మొదటి రెండు రోజులు కాగితాన్ని వెనకవైపు నుంచి చదివింది. అట్ట తిరగేసి కట్టినా నెమలి ఇట్లే చెడుతుందని తనే గ్రహించి తిప్పింది. నాలుగో రోజు పాపను పిలిచింది.

"ఏమ్మే, రెండు పేజీలూ 'క' యేనా?"

పాప ఆ కాగితాన్ని తడిమింది. "నీకెట్ల తెలిసె?"

"రాసింది క. సారుకు సదివింది తుంగభద్ర."

"సారు సదవమన్యాడు, సదివినా. రాసిందే సదవమని సెప్పల్యా."

నాకు నవ్వు వచ్చింది. నా భార్యకు రాలేదు. మరుసటి రోజు బడికి పోయి, పాపకు సున్నా వేయమని అడిగింది.

"మార్కులు పైకి పంపిస్తిమి గదమ్మా. అయినా జవాబులన్నీ కరెక్టే. నోటితో సెప్పింది."

"నోరు నేనే నేర్పించినా సార్. రాసేది మీరు నేర్పిస్తారనుకుంటి."

సారు తల దించుకున్నాడు. "నాకే రాదు గదమ్మా."

ఆ జూన్‌లో పాపను ఆదోని తీసుకుపోయింది ఆమే. నన్ను సంచి మోయనివ్వలేదు. పాప చేతికే ఇచ్చింది.

నెల తర్వాత నేను చూడబోతే పాప దిగులుగా ఉంది. ఇంటి మీద బెంగ అనుకున్నాను.

"ఈడ సారుకు గూడా కండ్లు లేవు నాయినా. వేలు పెట్టి సదువుతాడు. ఏమీ సాగదు."

అక్కడ మూడేళ్ళు చదివి, ఏడో తరగతికి తిరిగి ఎమ్మిగనూరు హైస్కూల్లో మామూలు పిల్లల మధ్య కూర్చుంది. సంచి తనే మోసుకుంది. ఆ మూడేళ్ళూ నా భార్య వారానికొక ఉత్తరం పొడిచి రాసేది. పోస్టు చేయడం నా పని. ఏం రాశావని అడిగితే, "నీకెందుకు," అనేది.

ఆమె పోయి ఏడాదవుతోంది. పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఉత్తరాలన్నీ పెట్టెలో ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం ఒకటి తీసి నాకు చదివి వినిపిస్తుంది.

"'మీ నాయన మంచోడు. ఆయన మాట ముందే వినింటే బాగుండు,'" అని చదివింది పోయిన వారం.

ఇరవై రెండేళ్ళ కాపురంలో నా భార్య ఆ మాట అనగా నేను వినలేదు. కాగితం వైపు చూశాను. చుక్కలు అరిగిపోయాయి. నాకు అన్నీ ఒకేలా కనిపించాయి, పేజీ నిండా 'క' లాగే. ఆ పట్టిక ఇంకా పెట్టె అడుగునే ఉంది. నేను బయటికి తీయలేదు.

ఇంకొకటి చదవమన్నాను.